కీని బట్టి వెదకుట: పద్యసూచికల నిర్మాణమున డైనమోడీబీ

పద్యానుక్రమణిక లేని కావ్యముద్రణమును చేతబట్టి, వ్యాకర్త ఉదాహరించిన ఒక లక్ష్యము ఏ ఆశ్వాసములోనిదో తెలియక పుటలన్నియు త్రిప్పిన అనుభవము పరిశోధకులలో పెక్కుమందికి కలదు. అట్టి అనుక్రమణికలను నేడు కంప్యూటరులో కూర్చుకొనుచున్నాము. కూర్చిన సామగ్రిని మన గదిలోని యంత్రమున గాక, అద్దెకు తీసికొన్న దూరపు యంత్రములలో దాచు పద్ధతియు వ్యాపించినది. దీనికే క్లౌడ్ అని వ్యవహారము. పేరునకు మేఘమైనను ఆ యంత్రములు నేలమీదనే యున్నవి. ఈ వ్యాసమున చర్చింపబోవు డైనమోడీబీ అను భాండారమును నడపు అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదునందును తన కేంద్రములను తెరచినది.

ఇట్టి భాండారమును ప్రశ్నించినపుడు అది చెప్పు ‘లేదు’ అను సమాధానమునకు ప్రమాణత్వము ఎంతవరకు కలదు అనునది ఇచ్చట ముఖ్యవిచారము. ఒక ప్రయోగము ఫలానా కవియందు లేదని సిద్ధాంతవ్యాసమున వ్రాయువారికి ఇది అల్పవిషయము కాదు.

1970లో కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సంబంధాత్మక పద్ధతిలో సామగ్రిని ముందుగా పట్టికలలో అమర్చి, పిదప ఏ ప్రశ్ననైనను వేయవచ్చును. ఆ స్వేచ్ఛకు మూల్యము కలదు. సామగ్రియు, అడుగువారును మితిమీరి పెరిగినపుడు సమాధానము ఆలస్యమగును. అమెజాన్ పరిశోధకులు 2007లో డైనమో అను తమ వ్యవస్థను గూర్చి ఒక పత్రము ప్రకటించిరి. దాని యనుభవము ఆధారముగ 2012 జనవరిలో డైనమోడీబీ వెలువడినది. నోయెస్‌క్యూయెల్ అను వర్గమున చేరిన ఈ భాండారమున వరుస తలక్రిందులైనది. ఇచ్చట ప్రశ్నయే ముందు, అమరిక తరువాత. ఏమి అడుగబోవుచున్నామో నిశ్చయించుకొనిన పిమ్మట గాని పట్టికను కట్టరాదు.

దీని నిర్మాణమును ఒక తాళపత్ర భాండాగారముతో పోల్చి చెప్పవచ్చును. ప్రతి గ్రంథమునకు ఒక బీరువా, బీరువాలోపల పత్రములు సంఖ్యాక్రమమున నున్నవనుకొందము. డైనమోడీబీలో బీరువాను నిర్ణయించునది పార్టిషన్ కీ. లోపలి వరుసను నిర్ణయించునది సార్ట్ కీ. ఈ రెండును కలిసి ఒక్కొక్క అంశమునకు ప్రధానమైన కీ యగును. మన పద్యపట్టికలో కావ్యనామమును పార్టిషన్ కీగను, ఆశ్వాససంఖ్య, పద్యసంఖ్యలను చేర్చిన ‘02-0045’ వంటి గుర్తును సార్ట్ కీగను పెట్టవచ్చును. సున్నలు వ్యర్థములు కావు. గుర్తులు అక్షరములుగనే పోల్చబడును గనుక, సున్నలు లేనిచో 10వ పద్యము 2వ పద్యమునకు ముందు వచ్చి కూర్చుండును.

పోలిక ఒకచోట చెడును. భాండాగారమున బీరువాల వరుస కంటికి కనబడును. డైనమోడీబీ పార్టిషన్ కీని ఒక గణితప్రక్రియచే కలగాపులగము చేసి, వచ్చిన సంఖ్యను బట్టి స్థానమును నిర్ణయించును. కావున కావ్యముల పేర్లకు తమలో తమకు వరుస యుండదు. ‘అ మొదలు క వరకు గల కావ్యములు’ అని అడుగుటకు వీలులేదు. క్వెరీ అను ప్రశ్నలో పార్టిషన్ కీని పూర్తిగా, సరిసమానముగా చెప్పియే తీరవలెను. సార్ట్ కీ విషయమున మాత్రము కొంత వెసులుబాటు కలదు. సమానము, తక్కువ, ఎక్కువ, రెండింటి నడుమ, ఫలానా అక్షరములతో మొదలగునది అని నియమము చెప్పవచ్చును. ‘ఫలానాతో ముగియునది’, ‘నడుమ ఫలానా కలది’ అని చెప్పుటకు మాత్రము తావు లేదు.

కీ తెలియనివారికి స్కాన్ అను వేరొక మార్గము కలదు. అది మొదటినుండి తుదివరకు పట్టికనంతయు చదువును. ఒక్కొక్క పద్యమునకు ఒక కిలోబైటు చొప్పున 40,000 పద్యములు కలవనుకొందము. చదువుటకు కొలమానము 4 కిలోబైట్లు. అప్పటికప్పటి సరియైన ప్రతియే కావలెనన్నచో స్కానునకు సుమారు 10,000 కొలతలగును. అదే నిబంధనతో కీని చెప్పి 30 పద్యములను తెప్పించుకొన్నచో 8 కొలతలు చాలును. క్షణకాలము వెనుకబడిన ప్రతియైనను చాలునన్నచో రెండింటను వ్యయము సగమగును. విశ్వవిద్యాలయశాఖల ఆర్థికస్థితిని ఎరిగినవారికి ఈ భేదమును వివరింపనక్కరలేదు.

కీ విషయమున నేను చేసిన ఒక పొరపాటును ఇచ్చట చెప్పుట ఉపయోగకరము. ఒక శతకమునకు గల రెండు ముద్రణములను పట్టిక కెక్కించునపుడు శతకనామమును, పద్యసంఖ్యను మాత్రమే కీగా నిర్ణయించితిని. రెండవ ముద్రణము ఎక్కించునప్పటికి మొదటిదానిలోని పద్యములు మాయమైనవి. దోషసూచన ఏదియు రాలేదు. ఒకే కీతో రెండవ అంశము వచ్చినచో మొదటిది తుడిచివేయబడుట ఈ భాండారపు ధర్మము. ‘ఈ కీ ఇంతకుముందు లేనిచో మాత్రమే చేర్చుము’ అని నియమము పెట్టుట నా విధి; నేను పెట్టలేదు. పాఠభేదములను రక్షించుటకు పూనుకొన్న పని పాఠభేదములనే మ్రింగినది. ముద్రణ సంవత్సరమును సార్ట్ కీలో చేర్చి మరల మొదటినుండి చేసితిని. ప్రధానమైన కీని ఒకసారి నిర్ణయించిన పిదప సవరించుటయు కుదరదు. అంశమును తొలగించి క్రొత్తగా చేర్చవలెను. కావున పాఠపరిష్కారముచే మారుటకు అవకాశమున్న పద్యపాఠమును ప్రధానమైన కీగా ఎన్నడును పెట్టరాదు.

పద్యారంభమును బట్టి వెదకుటకు గ్లోబల్ సెకండరీ ఇండెక్స్ అను అనుబంధసూచిక కలదు. ఇది అదే సామగ్రికి వేరొక కీతో కట్టిన వేరొక వరుస. ఇందు కావ్యనామమే పార్టిషన్ కీ. పద్యపు మొదటి పాదము సార్ట్ కీ. సార్ట్ కీకి హద్దు 1024 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును గనుక 341 సంకేతములకు చోటున్నది. ఎంత దీర్ఘమైన వృత్తపాదమైనను ఇందు ఇముడును.

అసలు చిక్కు ఇచ్చటనే మొదలగుచున్నది. డైనమోడీబీ అక్షరములను చూడదు, బైట్లను చూచును. మనకు ఒకటే పదమైనది దానికి రెండు పదములు కావచ్చును. ప్రతిలో ‘తోఁట’ అని యుండగా ‘తోట’ అని అడిగినచో లేదని చెప్పును. ‘చెఱువు’ను ‘చెరువు’ అని అడిగినను అంతే. ఇవి కంటికి కనబడు భేదములు గనుక జాగరూకుడైన పరిశోధకుడు పట్టుకొనగలడు. కనబడనివి మరి రెండు కలవు. ఐత్వమును యూనికోడులో ఒకే సంకేతముగ వ్రాయవచ్చును. ఎత్వమునకు ఐత్వపు పొడుగును చేర్చి రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. ‘కైత’ అను పదము రెండు విధములను కాగితముపై ఒకటిగనే అచ్చుపడును. బైట్లు మాత్రము వేరు. ఇట్లే ద్రుతాంతమైన పదమునకు తరువాతి హల్లు వత్తుగా అంటుకొనకుండుటకు లేఖకులు అదృశ్యసంకేతము నొకదానిని చొప్పించుచుందురు. ఒకరు దానిని చొప్పించి, వేరొకరు ఖాళీ విడిచి వ్రాసినచో ఒకే పద్యము రెండు కీల క్రింద చేరును.

కావున ప్రతి పద్యమునకు రెండు రూపములు నిలుపుట యుక్తము. ఒకటి మూలరూపము. ఇందు అరసున్నలు, శకటరేఫములు ముద్రణమునందలి విధముననే యుండవలెను. రెండవది శోధనరూపము. ఇందు అరసున్నను తొలగించి, శకటరేఫమును సాధురేఫముగ మార్చి, ఐత్వమును ఒకే సంకేతమునకు తెచ్చి, అదృశ్యసంకేతములను తీసివేయవలెను. అనుబంధసూచికకు శోధనరూపమే కీ. అడుగువాని ప్రశ్నను కూడ ఇదే సంస్కారమునకు లోనుచేయనిచో ఫలము సున్న. ఏ భేదము ఉపేక్షింపదగినది, ఏది అర్థభేదకము అను నిర్ణయము యంత్రకోవిదులది కాదు. రేఫముల అభేదము ఒక కావ్యమున హానిచేయకపోవచ్చును. రేఫశకటరేఫముల ప్రాసమైత్రినే పరిశీలించు విద్యార్థికి అదే అభేదము అతని విషయమునే చెరిపివేయును.

వరుస విషయమునను ఇట్టిదే. యూనికోడ్ సంకేతక్రమము మన అకారాదికి చాలవరకు దగ్గరగా నున్నది గాని పూర్తిగా కాదు. దీర్ఘమైన ౠకారము హల్లులన్నిటి తరువాత పడినది. దంత్యములైన ౘ, ౙ అను అక్షరములు 2008లో చేర్చబడినవగుటచే హకారమును దాటి కూర్చున్నవి. చ, జల ప్రక్కన వెదకువారికి అవి దొరకవు. మరియొకటి: ‘ర’తో మొదలగునవి అని అడిగినచో రా, రి, రు మొదలైన గుణింతమంతయు వచ్చును, ఏలన ‘రా’ అనగా ‘ర’ పిదప దీర్ఘసంకేతము. కేవలము హ్రస్వాకారాంతమైన ‘ర’ కావలెనన్నచో ‘ర’ మొదలు ‘రఽ’ వరకు అని నడిమి నియమము పెట్టవలెను. అవగ్రహపు సంకేతము హల్లులకు తరువాత, గుణింతపు గుర్తులకు ముందు నుండుటచే ఈ ఉపాయము పనిచేయుచున్నది. దీనిని కనుగొనినపుడు నాకు కొంత సంతోషము కలిగినదని ఒప్పుకొనుచున్నాను.

ప్రాసను బట్టి వెదకుటకు వేరొక అనుబంధసూచిక కావలెను. రెండవ అక్షరమును అడుగుటకు సార్ట్ కీలో వీలులేదని చెప్పియుంటిమి. అందుచే ప్రాసాక్షరమును ముందే తీసి ప్రత్యేకలక్షణముగ వ్రాసి, ఛందస్సుతో కూర్చి ‘కందము-ల’ వంటి పార్టిషన్ కీ చేయవలెను. ఆటవెలది, తేటగీతి, సీసములకు ప్రాసనియమము లేదు గనుక వాటికి ఆ లక్షణమును వ్రాయకుండుటయే మంచిది. లక్షణము లేని అంశములు ఆ సూచికలో చేరనే చేరవు. ఇచ్చట వచ్చు ‘లేదు’ న్యాయమైన ‘లేదు’. అయితే ప్రాసను వ్రాయుట మరచిన కందపద్యము కూడ అదే విధముగ చేరకపోవును. కావున కందపద్యముల సంఖ్యను పట్టికలోను సూచికలోను వేరువేరుగ లెక్కించి సరిచూచుట అవసరము.

ఫిల్టరు అను నియమమును గూర్చి ఒక మాట. క్వెరీకి తోడు ‘పద్యమున ఫలానా పదము కలది’ అని వడపోత పెట్టవచ్చును. ఆ వడపోత చదివిన తరువాత జరుగును. వడపోతకు నిలువని పద్యములకును చదివిన వ్యయము తప్పదు. పైగా వడపోతకు పూర్వమే ఒక్కొక్క విడతకు 1 మెగాబైటు మాత్రమే చదువబడును. ఆ విడతలో తగిన పద్యము ఒక్కటియు లేకున్న ఖాళీ సమాధానము వచ్చును. దానితో పాటు ‘ఇంతవరకు చదివితిని’ అను తుదికీ కూడ వచ్చును. ఆ కీని మరల అందించి, తుదికీ లేని సమాధానము వచ్చువరకు అడుగుచు పోవలెను. ఒక విద్యార్థి మొదటి విడతనే చూచి, పెద్ద పురాణమొకదానిలో తాను వెదకు పదము లేదని వ్రాసికొని వచ్చెను. తుదికీని అందించి మరల అడిగించితిని. మూడవ విడతలో ఆ పదము రెండు పద్యములందు కనబడినది.