రథంలోని మంత్రి అడిగిన ప్రశ్న

యెరూషలేము నుండి గాజాకు వెళ్లే అరణ్యమార్గంలో ఒక రథం సాగిపోతోంది. అందులో ఉన్నది సామాన్యుడు కాదు, ఐతియొపీయుల రాణి కందాకే ఖజానా అంతటికీ అధికారి. ఆరాధన కోసం అంత దూరం నుండి యెరూషలేముకు వచ్చి తిరిగి వెళ్తున్నాడు. చేతిలో యెషయా గ్రంథం ఉంది. అయితే అతడు నపుంసకుడు. ధర్మశాస్త్రం ప్రకారం అలాంటివాడు యెహోవా సమాజంలో చేరకూడదు (ద్వితీ. 23:1). మరి దేవాలయంలో అతణ్ణి ఎంతవరకు రానిచ్చారో, ఎక్కడ ఆపేశారో లూకా రాయలేదు. రాయకపోయినా ఊహించడం కష్టం కాదు.

పరిశుద్ధాత్మ దేవుడు ఫిలిప్పును పంపింది ఆ రథం దగ్గరికే. అప్పుడతడు చదువుతున్నది యెషయా 53వ అధ్యాయం. అన్యాయపు తీర్పు పొంది, సజీవుల మధ్య నుండి కొట్టివేయబడిన ఒక సేవకుని గురించిన మాటలవి. ఆ సేవకుని సంతతి ప్రస్తావన కూడా అక్కడ ఉంది. సంతతి లేని మనిషికి ఆ మాట ఎక్కడ తగిలి ఉంటుందో ఆలోచించండి! ఆ చుట్టను ఇంకో మూడు అధ్యాయాలు విప్పితే (అధ్యాయాల విభజన చాలా తర్వాత వచ్చిందనుకోండి), తన నిబంధనను గైకొనే నపుంసకులకు దేవుడు తన ఇంట్లో స్థలమిస్తానని, కొడుకులు కూతుళ్లు ఇవ్వగల పేరు కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని చేసిన వాగ్దానం కనిపిస్తుంది (యెషయా 56:3-5). ధర్మశాస్త్రం వేసిన గడియను ప్రవక్త చేత దేవుడే తీయించాడు.

నీళ్లు కనబడగానే ఆ మంత్రి, బాప్తిస్మం పొందడానికి నాకు అడ్డేమిటని అడిగాడు. ఫిలిప్పు చెప్పినట్టుగా మన బైబిల్లో కనిపించే జవాబు, అంటే 37వ వచనం, అతి ప్రాచీనమైన ప్రతుల్లో లేదు. వాటిలో ప్రశ్న తర్వాత జవాబేమీ లేదు. రథం ఆగింది, ఇద్దరూ నీళ్లలోకి దిగారు.

ఇతడొక్కడే కాదు. బురదగోతిలో దిగబడిన యిర్మీయాను పైకి లాగింది ఎబెద్మెలెకు అనే కూషీయుడైన నపుంసకుడు. తాళ్లు ప్రవక్త చంకల్లో ఒరుసుకోకుండా పాతబట్టలు కూడా వెతికి తెచ్చిన సున్నిత మనస్కుడు (యిర్మీయా 38). యేసుప్రభువైతే తల్లి గర్భం నుండే అలా పుట్టినవారున్నారని, మనుషుల వల్ల అలా అయినవారున్నారని, పరలోకరాజ్యం కోసం అలా ఉండిపోయినవారున్నారని విడమర్చి చెప్పాడు (మత్తయి 19:12). మనమేమో నేటికీ అందరినీ ఒకే మూటగా కట్టేస్తున్నాం.

బైబిల్లోని నపుంసకుడు, నేటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఒకటే అని నేననడం లేదు. కాలాలు వేరు, జీవితాలు వేరు. కాని విడమర్చి చూడడం ప్రభువు దగ్గర నేర్చుకోవాలి. ఒక మనిషి శరీరం ఎలా నిర్మితమైంది అనేది ఒక సంగతి. తనను తాను ఆడో మగో మరొకటో అని లోపల ఎలా ఎరుగును అనేది రెండో సంగతి. మనసు ఎవరి వైపు మొగ్గుతుంది అనేది మూడోది. ఒడిశా పరుగుల రాణి ద్యుతీ చంద్‌నే చూడండి. ఒంట్లో పురుష హార్మోన్ ఎక్కువగా ఉందని 2014లో ఆమెను పోటీలకు దూరం పెట్టారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నిబంధనను నిలిపివేయించింది. అది శరీరానికి సంబంధించిన వ్యవహారం. తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని 2019లో చెప్పింది. అది మనసుకు సంబంధించినది. తాను స్త్రీనన్న విషయంలో మాత్రం ఆమెకు ఎన్నడూ సందేహం లేదు. తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ అంత అదృష్టవంతురాలు కాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో గెలిచిన వెండి పతకాన్ని లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఆడపిల్లగా పుట్టి పెరిగిన ఆమెకు తన దేహం గురించి లోకమంతా మాట్లాడుకోవడం ఎంతటి శిక్ష!

చట్టం నెమ్మదిగానైనా కదిలింది. నిజాం పాలనలో 1919లో వచ్చిన నపుంసకుల చట్టం ప్రకారం హైదరాబాదులో వీళ్ల పేర్లను రిజిస్టరులో ఎక్కించేవారు. అలా పేరెక్కినవారు ఆడవేషంలో వీధిలో కనబడినా, ఆడి పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల వరకు జైలు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది ఎప్పుడనుకున్నారు? 2023లో! అంతకుముందే 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించింది. 2018లో 377వ సెక్షన్ విషయంలో, పరస్పర ఇష్టంతో ఉండే వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదంది. 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు.

నన్ను కలవరపెట్టేది కోర్టులు కాదు, మన విశ్వాసుల ఇళ్లు. కొడుకు నోరు తెరిచి మనసులో మాట చెబితే దయ్యం పట్టిందని ఉపవాస ప్రార్థనలకు ఈడ్చుకెళ్తారు, కొడతారు, మందులిప్పిస్తారు. స్వలింగాకర్షణను రోగాల జాబితా నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తీసేసింది. దాన్ని మారుస్తామంటూ చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో డాక్టర్లకు చెప్పింది. డాక్టరు చేయకూడని పనిని పాస్టరు ఎందుకు చేయాలి? ఇంకా ఘోరమేమిటంటే, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి, పూలమాలలు మార్పించి, ఏమీ తెలియని ఒక ఆడపిల్లను ఆ అబద్ధంలోకి పంపిస్తున్నాం. ఇది ఆ పిల్లకు, ఆ అబ్బాయికి, బలిపీఠం ముందు చేసిన ప్రమాణానికి కూడా ద్రోహమే.

లేవీయకాండము 18వ అధ్యాయాన్ని, రోమా 1వ అధ్యాయాన్ని దాటేయమని చెప్పను. వాటి అర్థం మీద ప్రపంచంలో సంఘాలు చీలిపోతున్నాయి. యునైటెడ్ మెథడిస్టు సంఘం 2024లో స్వలింగ సంపర్కుల అభిషేకంపై ఉన్న నిషేధాన్ని తొలగించింది; అంతకుముందు కొన్నేళ్లలోనే ఈ వివాదం మీద ఏడు వేలకు పైగా సంఘాలు దాన్ని విడిచి వెళ్లాయి. ఇది ఒక్క వ్యాసంలో తేలేది కాదు. కాని ఆ వాక్యాలను ఎంత కఠినంగా చదివేవారైనా అవి క్రియల గురించి మాట్లాడుతున్నాయని ఒప్పుకోవాలి. మనసు మొగ్గు ఎవరూ కోరి తెచ్చుకునేది కాదు. బిడ్డను గడప దాటించమని ఏ వాక్యంలోనూ లేదు. పైగా పౌలు మొదటి అధ్యాయం ముగించిన మరుక్షణమే వేలు తిప్పింది తీర్పు తీర్చే మనవైపే (రోమా 2:1).

మన మందిరాల్లో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చోవడం పాత అలవాటు. చీర కట్టుకుని ఒక ట్రాన్స్‌జెండర్ సహోదరి ఆదివారం గుమ్మంలోకి వస్తే పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, వెనక గోడ దగ్గర ఒక కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ వేయకండి. మన ఆడవాళ్లే ఎవరైనా లేచి, "రా అమ్మా" అని తమ చాప మీద కాస్త జరిగి కూర్చోబెట్టుకోవచ్చు. పాటల పుస్తకం లేకపోతే తమది చూపించవచ్చు.