గుండె ఎందుకు దడదడలాడుతుంది?

ప్రశ్నాపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. నోరు ఎండిపోతుంది. అరచేతులకు చెమట పడుతుంది. రాత్రి బాగా చదివిన జవాబే గుర్తుకు రాదు. ఇలా జరిగినప్పుడు చాలామంది విద్యార్థులు "నాకు ధైర్యం లేదు, ఇది నావల్ల కాదు" అనుకుంటారు. నిజానికి అది పిరికితనం కాదు. మీ శరీరం మీకోసం చేస్తున్న పని. అది ఎలా జరుగుతుందో తెలుసుకుంటే, దాన్ని అదుపులో పెట్టే ఉపాయమూ తెలుస్తుంది.

శరీరం మోగించే గంట

పొలం గట్టు మీద నడుస్తుండగా కాళ్ళ ముందు పాము కనిపించిందనుకోండి. ఆలోచించే లోపే వెనక్కి గెంతుతారు. ఆ క్షణంలో మెదడు నుంచి మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులకు నాడుల ద్వారా కబురు వెళుతుంది. అవి అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెరను విడుదల చేస్తుంది. జీర్ణకోశానికి పోయే రక్తం తగ్గి, కండరాలకు ఎక్కువగా చేరుతుంది. లాలాజలం తగ్గుతుంది కనుక నోరు ఎండిపోతుంది. పోరాడటానికో, పారిపోవడానికో శరీరం సిద్ధమైందన్నమాట! అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల ఆచార్యుడు వాల్టర్ కానన్ ఈ మార్పులను 1915లో ఒక గ్రంథంలో వివరించాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, శరీరం పాముకూ ప్రశ్నాపత్రానికీ ఒకే గంట మోగిస్తుంది. పాము ఎదురైతే పరుగెత్తుతాం. పరీక్ష గదిలో మాత్రం కదలకుండా కూర్చోవాలి. అందుకే ఖర్చు కాని ఆ శక్తి దడగా, వణుకుగా తెలుస్తుంది.

గేట్లు ఎప్పుడూ ఎత్తే ఉంచితే?

పెద్దవూరకు సమీపంలో ఉన్న నాగార్జునసాగర్ ఆనకట్టకు 26 గేట్లున్నాయి. వరద వచ్చి జలాశయం నిండినప్పుడు వాటిని ఎత్తుతారు, వరద తగ్గగానే దించుతారు. ఎత్తినవి ఎత్తినట్లే వదిలేస్తే? ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలకు దక్కాల్సిన నీరు ఎంతో నదిలోకి పోతుంది.

శరీరంలోనూ అంతే. కాసేపటి ఆందోళన మేలే చేస్తుంది, మనల్ని చురుకుగా ఉంచుతుంది. కాని నెలల తరబడి బెంగ పెట్టుకుంటే అధివృక్క గ్రంథుల నుంచే వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను అవసరానికి మించి పనిచేస్తుంది. నిద్ర చెడుతుంది, జ్ఞాపకం మందగిస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ఎడతెగని ఒత్తిడికి లోనైన ఎలుకల్లో అధివృక్క గ్రంథులు ఉబ్బడం, జీర్ణాశయంలో పుండ్లు పడటం హాన్స్ సెల్యే గమనించాడు. కెనడాలో పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు 1936లో ఆ సంగతిని ప్రకటించాడు.

గేటు దించే మార్గం

గుండెకు రెండు రకాల నాడులు చేరతాయి. ఒక రకం దాన్ని పరుగెత్తిస్తుంది, రెండోది కళ్ళెం వేస్తుంది. ఆ కళ్ళెం పేరు వేగస్ నాడి. గాలి పీల్చేటప్పుడు దాని పట్టు కొంచెం సడలుతుంది, వదిలేటప్పుడు బిగుస్తుంది. గుండెను మన ఇష్టప్రకారం ఆపలేం, నడపలేం. శ్వాసను మాత్రం మన ఇష్టప్రకారం నడపగలం. కళ్ళెం మన చేతికి అందే చోటు అదే.

చేసి చూడండి: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కించి రాసుకోండి. తరువాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి బిగబట్టవద్దు. తల తిరిగినట్లనిపిస్తే మామూలుగా ఊపిరి తీసుకోండి. ఇలా అయిదు నిమిషాలు చేసి నాడిని మళ్ళీ లెక్కించండి. రోజూ చేస్తూ వారం రోజుల అంకెలు పట్టికగా వేయండి. ఎవరి అంకెలు ఎలా మారాయో తరగతిలో పోల్చి చూడండి.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. శ్వాసను గమనించే సాధనను బౌద్ధులు ఆనాపానసతి అన్నారు. నేడు సాగర్ జలాశయం నిండి ఉన్న లోయలోని నాగార్జునకొండలో క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో బౌద్ధ విహారాలు వెలిశాయి.

ఆట, నిద్ర

పోగుపడిన శక్తిని ఖర్చు పెట్టడం రెండో మార్గం. సాయంత్రం అరగంట కబడ్డీయో, ఖోఖోయో ఆడండి. స్నేహితులతో ఆడి నవ్వుకున్న సమయం చదువుకు నష్టం కాదు. సంతోషంగా ఉన్న మనసు పాఠం మీద సులువుగా నిలుస్తుంది. ఇక నిద్ర సంగతి. పగలు చదివినదాన్ని మెదడు స్థిరపరచుకునేది నిద్రలోనే. మీ వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పరీక్షకు ముందు రాత్రంతా మేలుకోవడమంటే విత్తనం చల్లి మట్టి కప్పకుండా వదిలేయడమే.

ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుంది?

పొగడ్తల నుంచి వచ్చేది కొంతే. స్వయంగా ఒక పని చేసి నెగ్గిన అనుభవమే ఆత్మవిశ్వాసానికి అన్నిటికన్నా బలమైన ఆధారమని మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించాడు. కనుక చిన్న పనితో మొదలుపెట్టండి. పుస్తకం మూసి గుండె పటం గీయండి. తెరిచి సరిచూసుకోండి. తప్పినచోట మళ్ళీ గీయండి. "నిన్న రానిది ఈ రోజు వచ్చింది" అని మీ నోటుపుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ఓడిపోతే? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో నెగ్గింది మూడో ప్రయత్నంలో. తరువాత అమెరికా వెళ్ళిన ఆయన, కానన్ ఉన్న హార్వర్డ్‌లోనే పరిశోధన చేశాడు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్క్‌తో కలిసి కనుగొని 1927లో ప్రకటించాడు. పామును చూసి గెంతిన ఆ మొదటి క్షణాల్లో మన కండరాలకు శక్తిని అందించేది ఆ పదార్థమే! పరీక్షలో రెండుసార్లు తప్పిన విద్యార్థే దాన్ని లోకానికి చూపాడు. మార్కుల జాబితా ఒక రోజు కొలత మాత్రమే, మనిషి కొలత కాదు.

బెంగ రోజుల తరబడి తగ్గకపోతే, తిండీ నిద్రా పట్టకపోతే, బతకాలని లేదనిపిస్తే దాన్ని లోపల దాచుకోవద్దు. అమ్మానాన్నలకో, ఉపాధ్యాయులకో వెంటనే చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే వైద్యుడికి చెప్పుకోవడానికి సిగ్గుపడం కదా! మనసు బాధకూ సిగ్గు అక్కర్లేదు.