ముడుల వర్గీకరణము – దాటుల సంఖ్య

తెలుగున ముడికి పేర్లు పెక్కులు. లాగినంతనే వీడునది జారుముడి. ఎంతకును వీడనిది పీటముడి. వివాహమున వేయునది బ్రహ్మముడి. ఈ పేర్లు ముడియొక్క స్వభావమునో, ప్రయోజనమునో తెలుపునవే కాని నిర్మాణమును తెలుపవు. నిర్మాణమునుబట్టి ముడులను వర్గీకరించుటకు గణితవేత్తలు గ్రహించిన ప్రమాణము దాటుల సంఖ్య. త్రాడు తనమీదుగా తాను పోవు తావును ఇచ్చట దాటు అనుచున్నాము.

ఇట్టి పట్టికకు పూనుకొన్నవారిలో ప్రముఖుడు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు పీటర్ గత్రీ టెయిట్. పరమాణువులు ఈథరునందలి సుడులు కావచ్చునని 1867లో విలియం థామ్సన్ (తరువాతి లార్డ్ కెల్విన్) ఊహించెను. ఆ ఊహయే టెయిట్‌ను ముడులవైపునకు త్రిప్పినది. 1877 నాటికి ఆయన ఏడు దాటులవరకు పట్టికను కూర్చెను. ఆయన శిష్యపరంపర నేటి కోల్‌కతావరకు సాగినది. 1882లో ఎడిన్‌బరో చేరిన ప్రఫుల్ల చంద్ర రాయ్, టెయిట్ వద్ద భౌతికశాస్త్రమును, టెయిట్‌కు తోడల్లుడగు క్రమ్ బ్రౌన్ వద్ద రసాయనశాస్త్రమును అభ్యసించి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడయ్యెను. సుడుల సిద్ధాంతము అనంతరకాలమున వీగిపోయినను ముడుల పట్టిక నిలిచినది.

పద్ధతి యిది: ముడి వేసిన త్రాటి రెండు కొనలను కలిపివేయవలెను. అప్పుడది తెగని వలయమగును. దానిని త్రెంపక ఎన్ని విధముల కదల్చినను, చిత్రమున మిగులు కనీసపు దాటుల సంఖ్యయే దాని వర్గము. మూడు దాటుల ముడి ఒకటి, నాలుగింటిది ఒకటి, ఐదింటివి 2, ఆరింటివి 3, ఏడింటివి 7, ఎనిమిదింటివి 21, తొమ్మిదింటివి 49, పదింటివి 165. ఇందు అద్దమున తోచు ప్రతిరూపములను వేరుగా ఎన్నలేదు. చిన్న ముడులను జతపరచి చేసినవానిని చేర్చలేదు.

మన మెలికల ముగ్గును దీనితో పోల్చి చూడదగును. ముగ్గులో గీత గీతను ఖండించునే కాని, మీద, క్రింద అను భేదము లేదు. ముడికి ఆ భేదమే ప్రాణము. మూడు దాటుల ముడిని గీతగా మాత్రమే వ్రాసి, ఒక్కొక్క దాటున మీద క్రిందులను ఇచ్ఛానుసారముగా నిర్ణయించినచో 8 రూపములు వచ్చును. వానిలో రెండే నిజమైన ముడులు. అవియు పరస్పర ప్రతిబింబములు. తక్కిన ఆరును విడిపోవు వలయములే.

ఉచ్చుల విషయమున ఈ ప్రమాణమును మరింత జాగరూకతతో ప్రయోగింపవలెను. జారుముడి చిత్రమున దాటులు కనిపించును. కాని రెండు కొనలను ఇతరులు పట్టుకొనియున్నను, నడిమి త్రాటిని మడిచి ఆ ముడిని వేయవచ్చును. కొనను కదల్పక వేసినది కొనను కదల్పకయే విడిపోవును. కనుక దాని దాటుల సంఖ్య సున్న. కొనలను తాకక మడతతో వేయగల ఉచ్చులన్నియు, ఎంత గట్టిగా నిలిచినను, ఈ సున్న వర్గమునకే చెందును. వాడుకలో ముడిని నిలుపునది ఒరిపిడి. గణితము ఒరిపిడిని లెక్కింపదు. కావున ఉచ్చుల వర్గీకరణకు ఈ సంఖ్య ఒక్కటియే చాలదు. వేయు విధమును, కొనల స్థితిని గూడ చెప్పవలసియుండును.

సంఖ్య సమానమైనంతనే ముడులు సమానములు కావు. చిత్రములు వేరైనంతనే ముడులు వేరు కావు. 1899లో లిటిల్ ప్రకటించిన పట్టికలో వేర్వేరుగా నున్న రెండు పది దాటుల ముడులు నిజమునకు ఒకటేయని 1974లో కెన్నెత్ పెర్కో అను న్యాయవాది నిరూపించెను. 75 సంవత్సరములు ఒకే ముడి రెండు స్థానములను ఆక్రమించియున్నది. 1998 నాటికి యంత్రసహాయమున 16 దాటులవరకు 17 లక్షలకు పైగా ముడులు పట్టికకెక్కినవి.

నిఘంటుకర్తలకు ఈ చిక్కు క్రొత్తది కాదు. రూపభేదముచే ఒకే పదము రెండు ఆరోపములుగా నిలుచుట, రూపసామ్యముచే రెండు పదములు ఒక్కటిగా కలిసిపోవుట వారెరిగినవే. పై రూపమును లెక్కించుట వర్గీకరణకు మొదటి మెట్టు. ఒక రూపము మరియొక రూపముగా మారునా, మారదా అని నిరూపించుట రెండవది. రెండవ మెట్టు ఎక్కనిదే పట్టిక శాస్త్రము కాజాలదు.