మొటిమల మాత్రలు – కండ్ల సంగతి

కాలేజీలో తోటివారు నవ్వుతున్నారనో, పెళ్లిచూపులు దగ్గరపడ్డాయనో మన యౌవనస్థులు తంబళ్లపల్లె నుండి మదనపల్లె వెళ్లి మొటిమలకు మందు తెచ్చుకొంటారు. అందులో తప్పేమీ లేదు. మొండి మొటిమలు ముఖంపై గుంటలు మిగులుస్తాయి, వైద్యం అవసరమే. అయితే ఆ మందులలో ఒకదాని గూర్చి తలిదండ్రులు తెలిసికొనవలసిన సంగతి ఉన్నది.

దాని పేరు ఐసోట్రెటినోయిన్. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. చర్మంలోని నూనె గ్రంథులను కుదించి మొటిమలను తగ్గిస్తుంది. కాని కనురెప్పల అంచున కూడ అటువంటి గ్రంథులే ఉన్నాయి. వాటి నూనె పొర కన్నీరు ఆవిరి కాకుండ కాపాడుతుంది. ఆ నూనె తగ్గితే కండ్లు ఎండి మండుతాయి, ఇసుక పడినట్లు గరగరలాడతాయి.

రెండవది ఇంకా ముఖ్యం. విటమిన్ ఏ చాలకపోతే రేచీకటి వస్తుందని మనం ఎరిగినదే. ఈ మందు దానికి దగ్గర చుట్టమై యుండి కూడ, కంటిలో అది చేయవలసిన పనికి అడ్డుపడి కొందరికి చీకటిలో చూపు తగ్గిస్తుంది, ఒక్కొక్కసారి హఠాత్తుగా. తెల్లవారకముందే టమోటాలతో మదనపల్లె మార్కెట్టుకు బండి తోలే కుర్రవానికి ఇది చిన్న సంగతి కాదు. మందు ఆపితే చాలామందికి సర్దుకొంటుంది. కొద్దిమందికి లోపం మిగిలిపోయిన సందర్భాలూ వైద్య పత్రికలలో నమోదైనవి.

ఇక డాక్టర్ల మాట. పెదవులు ఎండుతాయని చర్మ వైద్యులు చెబుతారు, కండ్ల మాట ఒక్కొక్కసారి దాటిపోతుంది. కండ్ల డాక్టరేమో మొటిమలకు ఏమైనా మింగుతున్నావా అని అడగకపోవచ్చు. మొటిమలకూ కంటికీ సంబంధమేమిటని మనమూ చెప్పము. చుక్కల మందుతో తిరిగి వస్తాము, అసలు కారణం మాత్రల అట్టలోనే ఉండిపోతుంది. రద్దీగల ఆస్పత్రిలో ఇది జరిగేదే గనుక, ఆ అట్టను జేబులో వేసికొని పోయి ఇద్దరికీ చూపించమని మేము కోరుతున్నాము.

ఈ మందుతోపాటు విటమిన్ ఏ మాత్రలు మింగరాదు. డాక్సీసైక్లిన్ అసలే కూడదు. అదీ మొటిమలకే ఇస్తారు గనుక పాత చీటీవి ఇంట్లో మిగిలి ఉండవచ్చు. రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగి కంటి నరం వాచే ప్రమాదమున్నది. విడువని తలనొప్పి, వాంతులు, మసక చూపు కనబడితే మాత్ర ఆపి అదే దినం ఆస్పత్రికి వెళ్లాలి.

పెళ్లి కుదిరిన అమ్మాయిలు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భిణీలు ఈ మందు వాడితే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలుగవచ్చు. ఆపిన తరువాత కూడ కనీసం ఒక నెల గర్భం రాకుండ చూచుకోవాలి.