కొయ్యకు సుద్ద పూత.. నిర్మల్ చెప్పే కిటుకు

పెచ్చులూడే తలుపులకు పాత పద్ధతిలో పరిష్కారం
చింతగింజల జిగురు, పలుచని గుడ్డ, సుద్దమట్టే ఆధారం

ముచ్చటపడి తలుపులకు లప్పం పెట్టించి, నున్నగా రంగు వేయించిన ఇళ్లలో రెండో వానాకాలం గడవకముందే పెచ్చులు లేవడం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తరచూ కనిపించేదే. మేస్త్రి పనితనాన్నో, రంగు నాణ్యతనో తప్పుపట్టి మళ్లీ గీకించి, మళ్లీ పూయించడం పరిపాటి. నిజానికి లోపం చాలాసార్లు ఆ రెండింటిలోనూ ఉండదు. గోడకు పనికివచ్చే పూతను కొయ్యకు పూయడమే అసలు పొరపాటు. కొయ్యకు తగిన పూత ఏమిటన్నది ఈ ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. బొమ్మలతో, చిత్రాలతో పేరు మోసిన నిర్మల్‌లో నకాషీ కళాకారులు తరతరాలుగా చేస్తున్నది అదే. కొయ్యను సుద్దతో కప్పి, ఆ సుద్దపై రంగులు పూయించడమే వారి వృత్తి.

కదిలే కొయ్య.. కదలని పూత

గోడ నిశ్చలం. కొయ్య అలా కాదు. చెట్టు కొట్టి ఏళ్లు గడిచినా గాలిలోని తేమను పీల్చుతూ, వదులుతూనే ఉంటుంది. వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపు ఎండాకాలంలో వదులుకావడానికి కారణమిదే. ఈ కదలిక అన్ని వైపులా సమానంగా ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వెడల్పులో సుమారు 5 శాతం వరకు కుదించుకుపోతుంది. పొడవులో వచ్చే తేడా కంటికి ఆనదు. అందువల్లే పగుళ్లు ఎప్పుడూ పలక పొడవునా, చారలకు సమాంతరంగా కనిపిస్తాయి. రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్‌లో చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. ఇంతటి వ్యత్యాసమున్న చోట కొయ్యకు విశ్రాంతి ఎక్కడిది?

తెల్ల సిమెంటుతో చేసిన వాల్ పుట్టీ గట్టిపడ్డాక రాయితో సమానం. కింద కొయ్య సాగితే అది సాగదు, పగులుతుంది. ఆ పగులులోంచి దిగిన తేమ మిగిలిన పూతను కూడా లేపుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది మరో చిక్కు. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి నీటిని పోగొట్టగా మిగిలే పొడి ఇది. తిరిగి నీరు తగిలితే నిమిషాల్లోనే గడ్డకడుతుంది. ఎండుకొయ్య ఆ నీటిని ముందే పీల్చేసుకుంటే అడుగుపొర సరిగా గడ్డకట్టక పొడిపొడిగా మిగిలిపోతుంది. పైకి గట్టిగా కనిపించే పూత వేలితో తడితే డొల్లగా మోగుతుంది.

నిర్మల్ పద్ధతి

నిర్మల్ బొమ్మకు వాడేది పొనికి కొయ్య. దక్కను ప్రాంతపు పొడి అడవుల్లో పెరిగే ఈ చెట్టు కొయ్య చాలా తేలిక, మెత్తన. ఉలికి సులభంగా లొంగుతుంది. కానీ మెత్తదనమే దాని లోపం. నేరుగా రంగు పూస్తే పీల్చుకుని మచ్చలు కడుతుంది. అతుకుల వద్ద సందులు కనిపిస్తాయి. ఆ లోపాన్ని కప్పిపుచ్చేందుకే పూత పుట్టింది.

చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీటిలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. ఊళ్లలో దీన్ని లై అంటారు. ఇందులో రంపపు పొట్టును మెత్తగా కలిపి ముద్ద చేస్తారు. ముక్కలను అతకడానికి, సందులు పూడ్చడానికి, ముక్కూ చెవులూ వంటి చిన్న భాగాలను తీర్చిదిద్దడానికి ఈ ముద్దే ఆధారం. కృష్ణా తీరంలోని కొండపల్లిలోనూ పొనికి కొయ్యకు ఇదే వాడతారు. అక్కడ దాని పేరు మక్కు. ముద్ద ఆరాక పైన పలుచని గుడ్డ అతికించి, దానిపై జిగురు కలిపిన తెల్లసుద్దను పూతలు పూతలుగా పూస్తారు. ఆరిన తర్వాత నున్నగా రుద్దితే గుడ్డు పెంకు వంటి తలం సిద్ధమవుతుంది. రంగు దానిపైనే.

రంగుల సంగతి పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు ఆకులు, మొక్కలు, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడేవారు. బంగారు మెరుపును సైతం మూలికల రసాలతోనే సాధించేవారని చెబుతారు. తర్వాత డ్యూకో రంగులు వచ్చాయి. 1920లలో అమెరికాలో మోటారు కార్ల కోసం తయారైన ఈ రంగు నిర్మల్ బొమ్మపై స్థిరపడటం ఒక విచిత్రం. త్వరగా ఆరడం, అద్దంలా మెరవడం దీనికి కారణం. రంగు మారినా కింది సుద్ద పూత మాత్రం మారలేదు.

గుడ్డలో ఉంది గుట్టు

కొయ్యకూ సుద్దకూ నడుమ గుడ్డ ఎందుకన్న ప్రశ్న సహజం. కొయ్య సాగినప్పుడు ఆ లాగుడు ఒకేచోట పడకుండా గుడ్డ దారాలు దాన్ని పంచుతాయి. రెండు పలకల అతుకు కదిలినా పైన గీత పడదు. ఈ గుట్టు ఎరిగింది తెలుగువారు ఒక్కరే కాదు. ప్రాచీన ఈజిప్టులో కొయ్య శవపేటికలపై నారగుడ్డ పరచి సుద్ద పూసి చిత్రాలు గీశారు. ఇటలీలో చెన్నినో చెన్నిని 1400 ప్రాంతంలో రాసిన చిత్రకళా గ్రంథంలోనూ పలకపై జిగురులో తడిపిన గుడ్డముక్కలు పరిచే పద్ధతి ఉంది. తంజావూరు చిత్రాలకూ పలక, గుడ్డ, సుద్ద, జిగురే పునాది. వాటిపై ఉబ్బెత్తుగా కనిపించే నగలు, తోరణాలు కూడా సుద్ద ముద్దతో పెట్టినవే. ఆ చిత్రకారుల్లో తెలుగు మాట్లాడే రాజులు ముఖ్యులు కావడం గమనార్హం. మన చేర్యాల నకాషీల పటాలకు కొయ్య ఉండదు గానీ, ఖద్దరు గుడ్డపై గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూయడంలో సూత్రం ఒకటే.

ఇంట్లో చేయాలంటే..

తొలిసారి చేసేవారు తలుపుతో మొదలుపెట్టడం మంచిది కాదు. పీట, చిన్న పెట్టె, పళ్లెం, గోడకు తగిలించే పలక వంటివి తగినవి. మామిడి, వేప వంటి సాధారణ కొయ్య అయినా, ప్లైవుడ్ అయినా సరిపోతుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి గనుక కదలిక తక్కువ. ఆ విధంగా చూస్తే కొత్తవారికి అదే మేలు. చక్కని చారలున్న పాత టేకును సుద్దతో కప్పడం మాత్రం అన్యాయం. దానికి పాలిష్ చాలు.

కొయ్య బాగా ఆరి ఉండాలి. పచ్చికొయ్యపై ఎంత మంచి పూతా నిలవదు. ఉప్పుకాగితంతో గరుకు చేసి దుమ్ము తుడవాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అది జిగురును పట్టనివ్వదు కనుక థిన్నర్‌తో తుడిచి ఆరనివ్వాలి. మేకుల తలలను లోపలికి దిగగొట్టి, వాటిపై నూనె ప్రైమర్ గానీ వార్నిష్ గానీ చుక్క వేయాలి. లేకుంటే పూతలోని నీటికి ఇనుము తుప్పుపట్టి, కొన్నాళ్లకు తెల్లని తలంపై గోధుమరంగు మచ్చలు తేలతాయి.

పాత రంగు ఉన్న తలుపులు, కిటికీలను గీకేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానీయకూడదు. ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు.

మొదటి పూత జిగురు మాత్రమే. ఫెవికాల్ వంటి తెల్ల జిగురును సమానంగా నీటితో పలుచన చేసి కొయ్య అంతటా పూయాలి. ఇది కొయ్య దాహాన్ని తీరుస్తుంది. చింతగింజల జిగురుతోనే చేయాలనుకునేవారు చేయవచ్చు. కానీ అది తిండిపదార్థమే కనుక బూజు, పురుగులు ఆశిస్తాయి. పుస్తకాలు కుట్టేవారు జిగురులో మైలుతుత్తం కలిపేది ఇందుకే. మైలుతుత్తం విషం. వంటపాత్రల్లో కలపరాదు, పిల్లలు నోట పెట్టుకునే వస్తువులకు వాడరాదు.

పగుళ్లు, సందులుంటే రంపపు పొట్టు కలిపిన జిగురు ముద్దతో పూడ్చాలి. అది ఆరిన తర్వాత పాత నూలు చీర, ధోవతి వంటి పలుచని ఉతికిన గుడ్డను పలుచని జిగురులో ముంచి, ముడతలు లేకుండా, గాలి బుడగలు రాకుండా పరచాలి. కొత్త గుడ్డలోని గంజి జిగురును అడ్డుకుంటుంది. మొత్తం పరచడం కుదరకపోతే కనీసం అతుకులపైనైనా పట్టీలు వేయాలి. తొందరపడేవారు విడిచిపెట్టేది ఈ మెట్టునే. పెచ్చులూడేదీ అక్కడే.

తర్వాత సుద్ద. ఒక వంతు తెల్ల జిగురు, ఒక వంతు నీరు కలిపి, అందులో మెత్తగా జల్లించిన సుద్దపొడిని చిక్కని మజ్జిగలా అయ్యేవరకు కొద్దికొద్దిగా వేయాలి. గిలకొట్టకూడదు. నురగ వస్తే ఆ బుడగలన్నీ పూతపై చిల్లులుగా మిగులుతాయి. మందంగా ఒకటే పూత వేసే బదులు పలుచగా ఐదారు వేయాలి. ఒకటి పొడవునా వేస్తే తర్వాతిది అడ్డంగా వేయాలి. ప్రతి పూతా నీడలో ఆరాలి. ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి నెర్రెలిస్తుంది.

పాళ్లు కుదిరాయో లేదో పూతే చెబుతుంది. ఆరిన తలాన్ని వేలితో రుద్దితే తెల్లపొడి అంటుకుంటే జిగురు తక్కువైనట్లు. సన్నని సాలెగూడు వంటి గీతలు పడితే జిగురు ఎక్కువైనట్లు. పైపూతలో జిగురు కింది పూత కంటే ఎక్కువ ఉండరాదన్నది మరిచిపోరాని నియమం. బలమైన పైపొర ఆరుతూ కుదించుకుపోయి బలహీనమైన అడుగుపొరను లాగేస్తుంది.

ఆరిన తలాన్ని సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నునుపు వస్తుంది. లతలు, పూలు, ముత్యాల వరుసలు ఉబ్బెత్తుగా కావాలంటే ఇదే సుద్దను కాస్త గట్టిగా కలిపి, గోరింటాకు కోన్‌లో నింపి గీసుకోవచ్చు. ముగ్గు వేసే చేతికి ఇది కష్టమేమీ కాదు. ఎత్తు ఎక్కువ కావాలంటే ఒకసారి వేసింది ఆరాకే దానిపై మరోసారి వేయాలి. పూత పూర్తయ్యాక ఫ్రెంచ్ పాలిష్ పలుచగా ఒక చేయి పూసి, ఆపై ఇష్టమైన రంగు వేసుకోవాలి. నిర్మల్ చిత్రాల తీరు కావాలంటే నల్లని నేపథ్యంపై బంగారు గీతలు సరి. చివరన వార్నిష్ తప్పనిసరి. వెనుక వైపు, అంచులకు సైతం జిగురో వార్నిషో పూయాలి. ఒక్కవైపే మూసిన పలక రెండోవైపు నుంచి తేమ పీల్చి వంగిపోతుంది.

వానాకాలంలో ఒక్కో పూత ఆరడానికి రోజులు పడుతుంది. మండువేసవిలో పగుళ్ల భయం. మన జిల్లాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువు.

ఎక్కడ వద్దంటే..

రోజూ కడిగి పసుపు పూసే గడపకు, స్నానాల గది తలుపుకు, వాన జల్లు కొట్టే కిటికీ రెక్కకు సుద్ద పూత పనికిరాదు. నీరు నిలిచేచోట జిగురు కరుగుతుంది. వీధి తలుపుకు కూడా పైన వసారా ఉంటేనే ఆలోచించాలి. చెదలు పట్టిన కొయ్యను కప్పిపెట్టడమంటే రోగాన్ని దుప్పటి కింద దాచడమే. ముందు చెదలు వదిలించాలి.

పొనికి కరవు

ఇంటి పీటకు ఏ కొయ్య అయినా సరిపోతుంది గానీ, నిర్మల్ బొమ్మకు పొనికి తప్పదు. అంత తేలికగా ఉండి, అంత సులువుగా ఉలికి లొంగే కొయ్య మరొకటి చేతికి అందడం లేదు. ఆదిలాబాద్ అడవుల్లో ఈ చెట్లు తగ్గిపోవడంతో కొయ్య కోసం కళాకారులు అటవీశాఖ వైపు చూడవలసి వస్తోంది. సుద్ద, జిగురు, రంగు బజారులో దొరుకుతాయి. చెట్టు దొరకదు. నాటిన మొక్క ఉలికి అందే చెట్టు కావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పని లేని ఇంట్లో పిల్లలు మరో ఉపాధి వెతుక్కుంటారు. పూత పాళ్లు కాగితంపై రాసుకోవచ్చు గానీ, సుద్ద ఎంత చిక్కగా ఉందో కుంచె బరువుతోనే పసిగట్టే చేయి మాత్రం ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూస్తేనే అబ్బుతుంది.

పదిహేడో శతాబ్దంలో నిమ్మనాయుడు నకాషీలను ఆదరించి ఇక్కడ స్థిరపరిచాడని చెప్పే నిర్మల్, 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నుంచి విడివడి ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. ఇక్కడి బొమ్మలకు, చిత్రాలకు, ఫర్నిచర్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంట్లో సరదాగా పూత పూసి, నిర్మల్ తీరున రంగులద్దుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే వేరేచోట చేసిన వస్తువును నిర్మల్ పేరుతో అమ్మడానికి మాత్రం ఆ చట్టం ఒప్పుకోదు. అసలైనది కావాలనుకునేవారు 44వ నంబరు జాతీయ రహదారిపై వెళ్లేటప్పుడు నిర్మల్‌లో ఆగి కళాకారుల సహకార సంఘం వద్ద కొనుక్కోవచ్చు.