సెల్యులార్ జైలు కన్నా ముందే చరిత్రకెక్కిన హోప్‌టౌన్

అండమాన్ అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది సెల్యులార్ జైలు. అయితే ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఖైదీలను ఈ దీవులకు తరలించడం మాత్రం 1858 మార్చిలోనే ఆరంభమైంది. ఈ మధ్యకాలంలో, అంటే దాదాపు నాలుగు దశాబ్దాల పాటు, ద్వీపాంతర శిక్ష పడినవారు ఎక్కడ ఉండేవారు, ఎలా జీవించేవారు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల ప్రదేశాలలో హోప్‌టౌన్ ఒకటి.

పేరులో పట్టణం ఉన్నా, ఇది చిన్న ఊరు. దక్షిణ అండమాన్ జిల్లా ఫెరార్‌గంజ్ తహసీలులోని గ్రామ పంచాయతీ. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆ నగరపు నౌకాశ్రయానికి ఉత్తరపు ఒడ్డున, నీటికీ కొండకూ నడుమ ఈ గ్రామం ఉంది. చాథమ్ రేవులో ఫెర్రీ ఎక్కితే పావుగంటలో బాంబూఫ్లాట్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి తీరం వెంట సాగే రోడ్డు హోప్‌టౌన్‌కు, ఆపై కొండ మీదకు తీసుకువెళుతుంది.

ఈ పరిసరాలను చూడనివారు కూడా వాటి బొమ్మను చేతితో తాకి ఉంటారు. ఎల్లోరా గుహల చిత్రంతో కొత్త నోటు రాకముందు చెలామణిలో ఉన్న 20 రూపాయల నోటు వెనుకవైపు కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ కనిపించేవి. అది హోప్‌టౌన్‌ను ఆనుకొని ఉన్న కొండ మీది నుంచి చూస్తే కనిపించే నార్త్ బే దృశ్యం.

గోడలు లేని చెర

బ్రిటిష్ వారు రాకముందు ఈ తీరాలు గ్రేట్ అండమానీయ తెగలవి. తమ అడవులను నరికివేయడాన్ని ఆ తెగలు ప్రతిఘటించాయి. 1859 మేలో జరిగిన అబెర్దీన్ పోరాటం ఆ ప్రతిఘటనలో ప్రధాన ఘట్టం. 1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడికి తెచ్చిన ఖైదీలకు ఒకవైపు సముద్రం, మరొకవైపు అడవి కాపలాగా నిలిచాయి. అడవులు కొట్టడం, బాటలు వేయడం, రేవులు కట్టడం వారి పని. రోగాలు, ఆకలి, కొరడా దెబ్బలు ఆ జీవితంలో భాగం.

పాలనా కేంద్రం రాస్ దీవిలో ఉండేది. కఠిన శిక్షలకు గురైనవారిని వైపర్ దీవిలో సంకెళ్ళతో ఉంచేవారు. ప్రవర్తన బాగున్నదని అధికారులు భావించినవారికి కొన్ని సంవత్సరాల తర్వాత ‘టికెట్ ఆఫ్ లీవ్’ లభించేది. అది ఉన్నవారు సేద్యం, పశుపోషణ, చేతివృత్తులు చేసుకోవచ్చు. దీవులు విడిచి వెళ్ళే వీలు మాత్రం ఉండదు. అలా నమ్మకం సంపాదించిన ఖైదీలు నివసించిన స్థావరమే హోప్‌టౌన్.

1879 నాటి రంప పితూరీలో పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కు పంపినది కూడా ఈ కాలంలోనే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్షపై ఇక్కడికి వచ్చేనాటికి సెల్యులార్ జైలు కట్టి చాలా ఏళ్ళయింది. ఒకే మన్యం నుంచి వచ్చిన ఈ రెండు తరాల ఖైదీలు చూసినవి రెండు వేర్వేరు చెరలు.

1872 ఫిబ్రవరి 8

హోప్‌టౌన్ పేరు ప్రపంచానికి తెలిసింది ఒక హత్యతో. నాటి వైస్రాయ్ లార్డ్ మేయో ఖైదీల స్థావరాల నిర్వహణను స్వయంగా పరిశీలించేందుకు 1872 ఫిబ్రవరి 8న ఇక్కడికి వచ్చారు. పగటి వేళ రాస్, వైపర్, చాథమ్ దీవులలో గట్టి కాపలా మధ్య పర్యటన ముగిసింది. ఆరోగ్య కేంద్రం నెలకొల్పేందుకు అనువుగా ఉంటుందేమోనన్న ఆలోచనతో సాయంత్రం ఆయన హోప్‌టౌన్ పైనున్న హారియట్ కొండ ఎక్కారు. సూర్యాస్తమయం చూసి దిగేసరికి చీకటి పడింది. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో, కాగడాల వెలుగులో రేవు చివరన పడవ ఎక్కబోతుండగా వెనుక నుంచి ఒక ఖైదీ దూసుకువచ్చి రెండుసార్లు కత్తితో పొడిచాడు. నీటిలో పడిన వైస్రాయ్‌ను పైకి తీసినప్పటికీ, ఓడకు చేర్చేలోపే ప్రాణం పోయింది. పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయ్ ఆయనే.

పొడిచిన వ్యక్తి షేర్ అలీ అఫ్రిదీ. వాయవ్య సరిహద్దుకు చెందిన పఠాను. ఒకప్పుడు బ్రిటిష్ వారి కొలువులోనే అశ్విక దళంలో పనిచేసినవాడు. వంశకలహంలో బంధువును చంపినందుకు 1867లో మరణశిక్ష పడింది. తర్వాత దానిని యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చారు. పగ తీర్చుకోవడం తమ ఆచారంలో నేరం కాదని, తనకు అన్యాయం జరిగిందని అతని భావన. సత్ప్రవర్తన కారణంగానే అతనికి హోప్‌టౌన్‌లో మంగలి పని దొరికింది. నమ్మకస్థులైన ఖైదీలు ఉండే చోటు కాబట్టి ప్రమాదం తక్కువని భావించిన ఊరిలోనే దాడి జరిగింది.

విచారణ త్వరత్వరగా ముగిసింది. తన వెనుక ఎవరూ లేరని, దైవాజ్ఞతోనే ఈ పని చేశానని అతడు చెప్పాడు. 1872 మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీశారు. అంతకు అయిదు నెలల ముందే కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ కత్తిపోట్లకు బలి కావడంతో, రెండు హత్యల వెనుక వహాబీల కుట్ర ఉందన్న అనుమానాలు అప్పట్లో బలంగా వినిపించాయి. షేర్ అలీ విషయంలో అటువంటి కుట్ర రుజువు కాలేదు. అతడు స్వాతంత్ర్య యోధుడా, వ్యక్తిగత కక్షతో రగిలినవాడా అన్న చర్చ నేటికీ ముగియలేదు. రెండు వాదనలకూ అతని మాటలే ఆధారం.

కొండకు రెండు పేర్లు

మేయో ఎక్కిన కొండకు హారియట్ పేరు పెట్టడానికి కారణం రాబర్ట్ టైట్లర్. 1862 నుంచి 1864 వరకు ఖైదీల స్థావరానికి సూపరింటెండెంట్‌గా ఉన్న ఆయన భార్య పేరు హారియట్. 1857లో ఢిల్లీ ముట్టడిని కళ్ళారా చూసిన ఆమె, తర్వాత భర్తతో కలిసి ఆ తిరుగుబాటు మిగిల్చిన శిథిలాలను ఫొటోలు తీశారు. ఆ తర్వాతి కాలంలో ఈ కొండ చీఫ్ కమిషనర్ల వేసవి విడిది అయింది.

అదే కొండ మరొక రాజ్యానికి చెరసాల. 1891 ఆంగ్లో-మణిపురీ యుద్ధంలో ఓటమి తర్వాత మహారాజు కులచంద్ర ధ్వజ సింగ్‌నూ, ఆయన సహచరులనూ అండమాన్‌కు పంపి ఈ కొండపైనే ఉంచారు. సెల్యులార్ జైలు అప్పటికి ఇంకా లేదు. వారి స్మృతికి గుర్తుగా 2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం కొండ పేరును మౌంట్ మణిపుర్‌గా మార్చింది. అధికారి భార్య పేరు పోయి, ఖైదీల స్వస్థలం పేరు వచ్చింది.

మూడున్నర వందల మీటర్లకు పైగా ఎత్తున్న ఈ కొండ నేడు జాతీయ ఉద్యానంలో భాగం. శిఖరం నుంచి అడవి బాటలో రెండు కిలోమీటర్లకు పైగా నడిస్తే కాలాపత్థర్ అనే కొండ అంచు వస్తుంది. ఖైదీలను అక్కడి నుంచి లోయలోకి తోసి చంపేవారని స్థానికులు చెప్పుకుంటారు. ఇది నోటి మాటగా వస్తున్న కథ.

దిగువన హోప్‌టౌన్ తీరంలో ఇప్పుడు చమురు నౌకలు ఆగే రేవు ఉంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఈ ప్రాంతపు భూమి దాదాపు ఒక మీటరు కుంగి, పల్లపు తీరాలలోకి సముద్రం చొచ్చుకువచ్చింది. తీరం మారింది, కొండ పేరు మారింది. పగడపు దిబ్బల కోసం నార్త్ బే వరకు వచ్చే యాత్రికులలో చాలామంది ఈ ఊరు చూడకుండానే వెనుదిరుగుతారు. సెల్యులార్ జైలు చూసినవారు మరొక పూట కేటాయించి చాథమ్ నుంచి ఫెర్రీ ఎక్కితే, ఆ గోడలు లేవకముందు ఖైదీలు బతికిన ఒడ్డును కూడా చూడగలుగుతారు.