కత్తిమీది మూడక్షరాలు

మొన్న ఒక సాయంకాలం తార్నాక విశ్వవిద్యాలయంలో చదివే శిష్యుడొకడు, బాయొనెట్ల బొమ్మల పుస్తకం పట్టుకొని మెట్టుగూడలోని మా యింటికి వచ్చినాడు. తుపాకి మొనకు తగిలించే ఆ కత్తులను సేకరించేవారు లోకంలో ఎందరో గలరట! చేతికి రాగానే వారు మొదట చూచేది, పిడి దగ్గర అలుగుమీద కొట్టిన ముద్ర.

1939 మార్చిలో జర్మనీ చెక్ ప్రాంతాలను ఆక్రమించగా, బ్ర్నో నగరపు ఆయుధ కర్మాగారం పరుల పాలైనది. (మన సైనికులు మోసిన బ్రెన్ తుపాకి పేరులో సగం ఆ ఊరిదే.) చెక్ బాయొనెట్టుకు పదును పైవైపున ఉండేది, తుపాకి గొట్టాన్ని చుట్టి పట్టే ఉంగరం ఉండేది. జర్మన్లు తమ తుపాకులకు అమరేటట్లు ఎన్నో కత్తుల ఉంగరాలను కోసివేసినారు. ఆ కోత గుర్తు నేటికీ కనిపిస్తుంది. కర్మాగారం కొట్టుకొనే ‘సి.ఎస్.జడ్.’ అన్న సొంత ముద్రకూ అదే గతి. దాని స్థానంలో ‘డి.ఓ.టి.’ అన్న రహస్య సంకేతం వచ్చినది. పేరుకు స్వతంత్రమైన స్లొవాకియాలో, పొవాజ్‌స్కా బిస్ట్రిట్సా కర్మాగారానికి ‘డి.ఓ.యు.’. పనివాని ఊరు ఏదో కత్తిని చూచి చెప్పే వీలు లేకపోయినది.

నాకు మన కోనసముద్రం జ్ఞప్తికి వచ్చినది. నిజామాబాదు సీమలోని ఆ ఊరి కమ్మరులు మూసలలో తీసిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయేవారు. అటువంటి ఉక్కుతో చేసిన కత్తులకు డమాస్కస్ పేరు దక్కినది. మన కమ్మరికి మూడక్షరాలైనా దక్కలేదు!

శిష్యుడు పుస్తకం మూసి, "మాస్టారూ, కోనసముద్రానికి బస్సు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగినాడు.